స్పిరిట్ అన్నీ ఒకటి కాదు.. రెక్టిఫైడ్ స్పిరిట్ అంటే ఏంటి? ఎక్కడ వాడతారు? ఏది ప్రమాదం?

సూర్యాపేట ఆస్పత్రిలో సూది వేసే ముందు దూదితో రుద్దే స్పిరిట్.. కోదాడ దగ్గర హైవే బంకులో కొట్టించే పెట్రోల్.. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మిగిలే నూకలు. ఈ మూడింటికీ లింకేంటో తెలుసా? ఇథనాల్, అంటే ఇథైల్ ఆల్కహాల్.

ఎలా తయారవుతుంది?
చెరకు మొలాసిస్, నూకలు, మొక్కజొన్న లాంటివి పులియబెట్టి మరిగిస్తారు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ఆ ఆవిరిని చల్లారిస్తే స్పిరిట్ వస్తుంది. అయితే ఎన్నిసార్లు మరిగించినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. దాదాపు ఈ స్థాయికి శుద్ధి చేసిందే రెక్టిఫైడ్ స్పిరిట్.

ఎక్కడ వాడతారు?
* మందులు, టింక్చర్లు, సెంట్ల తయారీలో.
* ఫర్నిచర్ పాలిష్‌కి లక్కను కరిగించడానికి.
* పెట్రోల్‌లో. మిగిలిన నీటిని కూడా తీసేసి 99 శాతానికి పైగా శుద్ధి చేసి కలుపుతారు. దేశంలో ఈ వాటా 2025లో 20 శాతానికి చేరింది.
* శానిటైజర్లలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో ఇథనాల్ 80 శాతం.

మరి 95 శాతం ఉంటే ఇంకా బాగా పనిచేయాలి కదా? కాదు. క్రిముల్లోని ప్రొటీన్లను దెబ్బతీయాలంటే కొంచెం నీళ్లూ కావాలి. పైగా ఘాటు స్పిరిట్ త్వరగా ఆరిపోతుంది.

అసలు ప్రమాదం ఇక్కడే!
పరిశ్రమలకు ఇచ్చే స్పిరిట్‌ని ఎవరూ తాగకూడదని అందులో కావాలనే చేదు పదార్థాలో, మిథనాల్ లాంటి విషమో కలుపుతారు. మిథనాల్ చూడ్డానికి ఇథనాల్ లాగే ఉంటుంది. తాగిన కొన్ని గంటల తర్వాత చూపు మసకబారుతుంది, ప్రాణమే పోవచ్చు. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి 10 మందికి పైగా చనిపోయారు.

ఇవి గుర్తుపెట్టుకోండి
* స్పిరిట్‌ని నీళ్ల బాటిల్‌లో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. పిల్లలకు అందనివ్వొద్దు.
* పొయ్యి దగ్గర వాడొద్దు. స్పిరిట్ మంట పగటి వెలుగులో సరిగా కనపడదు.
* ఎవరైనా తాగితే "మత్తు దిగిపోతుందిలే" అని ఇంట్లో పడుకోబెట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ సీసా కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఏం తాగారో డాక్టర్లకు తెలుస్తుంది.