ప్రొటెక్టెడ్ మోడ్‌లో మెమరీ సెగ్మెంటేషన్

ప్రొటెక్టెడ్ మోడ్ సెగ్మెంటేషన్ అనేది ఇంటెల్ ఎక్స్86 కుటుంబపు ప్రాసెసర్లలో మెమరీని సెగ్మెంట్లు అనే భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి హద్దులను, వాడుక హక్కులను నిర్ణయించే పద్ధతి. ఇది 1982లో విడుదలైన 80286 ప్రాసెసరుతో మొదలై, 1985లో వచ్చిన 80386తో విస్తరించింది.

నేపథ్యం

1978 నాటి 8086 ప్రాసెసరులో సెగ్మెంటు రిజిస్టరు విలువను 16తో గుణించి, దానికి ఆఫ్‌సెట్‌ను కలిపితే భౌతిక చిరునామా వచ్చేది. దీనితో 1 మెగాబైటు మెమరీని చేరుకోవచ్చు గాని, రక్షణ ఏమీ లేదు. ఏ ప్రోగ్రామైనా రిజిస్టరులో తనకు తోచిన విలువను వేసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చోట కూడా రాయగలిగేది. ఒక ప్రోగ్రాములోని తప్పు వలన కంప్యూటరు మొత్తం నిలిచిపోయే అవకాశముండేది.

సెలెక్టరు, డిస్క్రిప్టరు

ప్రొటెక్టెడ్ మోడ్‌లో సెగ్మెంటు రిజిస్టరులో ఉండేది చిరునామా కాదు, సెలెక్టరు అనే 16 బిట్ల సంఖ్య. ఇది పొలం సర్వే నంబరు వంటిది. నంబరును బట్టి పొలం విస్తీర్ణం, హక్కుదారు తెలియవు, పహాణీ చూడాలి. ఇక్కడ పహాణీ వంటిది డిస్క్రిప్టరు పట్టిక. దీనిని ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తుంది. సాధారణ ప్రోగ్రాములు మార్చకుండా కాపాడుతుంది.

సెలెక్టరులోని పై 13 బిట్లు పట్టికలో వరుస సంఖ్యను, తరువాతి బిట్టు ఏ పట్టికో (0 అయితే గ్లోబల్, 1 అయితే లోకల్), చివరి 2 బిట్లు కోరిన అధికార స్థాయిని తెలుపుతాయి. కనుక ఒక పట్టికలో గరిష్ఠంగా 8,192 డిస్క్రిప్టర్లకు చోటుంటుంది. ఒక్కొక్క డిస్క్రిప్టరు పరిమాణం 8 బైట్లు. అందులో ఉండే ముఖ్య అంశాలు:

* ఆధార చిరునామా: 80286లో 24 బిట్లు, 80386లో 32 బిట్లు.
* హద్దు: 80286లో 16 బిట్లు, అనగా సెగ్మెంటు 64 కిలోబైట్లకు మించదు. 80386లో 20 బిట్లు. 4 కిలోబైట్ల ప్రమాణంలో లెక్కిస్తే 4 గిగాబైట్ల వరకు ఉండవచ్చు.
* హక్కులు: సెగ్మెంటు కోడ్‌కా డేటాకా, అందులో రాయవచ్చునా, మెమరీలో ప్రస్తుతం ఉన్నదా, దాని అధికార స్థాయి ఎంత అనేవి. 0 అత్యున్నత స్థాయి, 3 సాధారణ ప్రోగ్రాముల స్థాయి.

ఉదాహరణ

సెలెక్టరు విలువ 27 అనుకుందాం. ద్విసంఖ్యామానంలో ఇది 11011. చివరి 11 వలన స్థాయి 3, దాని ముందున్న 0 వలన గ్లోబల్ పట్టిక, మిగిలిన 11 వలన వరుస సంఖ్య 3 అని తెలుస్తుంది. ఆ డిస్క్రిప్టరులో ఆధారం 10,00,000, హద్దు 4,999, స్థాయి 3 ఉన్నాయనుకుంటే, ఆఫ్‌సెట్ 250 వద్ద ఉన్న బైటు చిరునామా 10,00,250 అవుతుంది. ఆఫ్‌సెట్ 5,000 అయితే హద్దు దాటినట్టే. అప్పుడు ప్రాసెసరు ఆ పనిని జరగనీయక, 13వ సంఖ్య గల జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్‌ను లేవనెత్తుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తప్పుచేసిన ప్రోగ్రామును మాత్రమే ఆపివేయగలదు, మిగిలినవి కొనసాగుతాయి.

అధికార స్థాయిని సెలెక్టరును రిజిస్టరులో వేసేటప్పుడే పరిశీలిస్తారు. ప్రతిసారీ పట్టికను చదవనవసరం లేకుండా, డిస్క్రిప్టరు వివరాలను ప్రాసెసరు తనలోనే దాచుకుంటుంది. హద్దును మాత్రం మెమరీని వాడిన ప్రతిసారీ సరిచూస్తుంది.

తరువాతి పరిణామాలు

80386లో పేజింగ్ చేరింది. పేజింగ్ అమలులో ఉంటే, సెగ్మెంటేషన్ ద్వారా వచ్చిన చిరునామా పేజీ పట్టికల గుండా భౌతిక చిరునామాగా మారుతుంది. విండోస్ ఎన్.టి., లినక్స్ వంటివి సెగ్మెంట్ల ఆధారాన్ని 0గా, హద్దును 4 గిగాబైట్లుగా ఉంచి, రక్షణను ప్రధానంగా పేజింగ్‌కే అప్పగించాయి. 2003లో ఎ.ఎం.డి. విడుదల చేసిన 64 బిట్ల ప్రాసెసర్ల 64 బిట్ మోడ్‌లో సి.ఎస్., డి.ఎస్., ఇ.ఎస్., ఎస్.ఎస్. రిజిస్టర్ల ఆధారాన్ని 0గానే పరిగణిస్తారు. ఎఫ్.ఎస్., జి.ఎస్. రిజిస్టర్ల ఆధారాలు మాత్రం ఉపయోగంలో ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

* మైక్రోప్రాసెసరు
* ఆపరేటింగ్ సిస్టమ్
* వర్చువల్ మెమరీ