కమాన్ కట్ట కత్తయ్యే పూట

హైదరాబాద్‌లో మూసారాంబాగ్ మెట్రో మెట్లు దిగి అంబర్‌పేట వంతెన దారి పట్టండి. మనిషి కంటే ముందు చప్పుడు అందుతుంది. ఒకటి తేలిక, ఒకటి బరువు, మళ్లీ ఒకటి తేలిక, ఒకటి బరువు. ఆటోల రొద, బస్సుల హారన్లు ఎంత మోగినా ఆ తాళం చెడదు. దాని వెంటే వెళ్తే వేపచెట్టు, చెట్టుకు కట్టిన నీలం టార్పాలిన్, దాని నీడన నేలలో జానెడు గుంట, గుంట నిండా కణకణలాడే నిప్పులు.

"ఎండకు నిలబడకు తమ్మీ, ఇటు నీడకు రా. రవ్వలు పడ్తయి, కాళ్లు జర ఎనక్కి పెట్టుకో."

అరవై దాటిన మనిషి. నడుముకు గోనెపట్టా, ముంజేతుల నిండా చుక్కలు చుక్కలుగా పాత కాలిన మచ్చలు. ఎదురుగా ఆయన భార్య చిన్న చక్రం తిప్పుతోంది. ఆమె చెయ్యి ఆగితే బొగ్గుల మీద బూడిద పరుచుకుంటుంది, కదిలితే ఎరుపు పైకొస్తుంది. "మా నాయన కాడ మేకతోలు తిత్తి ఉండె. ఇప్పుడు గీ ఫ్యానే," అంటాడు పెద్దాయన, నిప్పుల మీంచి చూపు తిప్పకుండానే.

పట్టకారుతో పట్టుకున్నది లారీ కమాన్ కట్ట ముక్క. ఏళ్ల తరబడి లోడు మోసి, విరిగి, పాత ఇనుప సామాను కొట్టుకు చేరిన పట్టీ అది. ఇల్లు కట్టే చువ్వతో కత్తి ఎందుకు చేయరని అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. "అది మెత్తది. పదును నిలవది." కారణం కర్బనం. మెత్తటి ఇనుములో నూటికి 0.2 పాళ్లు ఉంటే, కమాన్ కట్టలో 0.6 దగ్గర ఉంటుంది. ఆ కాస్త తేడాయే అంచును నిలబెడుతుంది. ఆయన దాన్ని అంకెల్లో చెప్పడు. ముక్కను దాగలి మీద ఒక్కసారి తట్టి, మోగిన తీరు విని చెబుతాడు.

నిప్పుల్లోంచి తీశాడు. మోదుగుపువ్వు రంగు. ఆ రంగున్నంత సేపే ఇనుము మాట వింటుంది. పక్కనే నిలబడ్డ ఆయన మేనల్లుడు రెండు చేతులా సమ్మెట ఎత్తాడు. మనం విన్న తాళం ఇక్కడ అర్థమవుతుంది. పెద్దాయన చేతిలోని చిన్న సుత్తె దెబ్బ కొట్టడానికి కాదు, చోటు చూపడానికి. ఆయన ఎక్కడ తడితే సమ్మెట అక్కడే పడుతుంది. మాట లేదు. చాలనుకున్నప్పుడు సుత్తెను ఇనుము మీంచి తప్పించి దాగలి అంచుకు ఒకసారి ఆనిస్తాడు. సమ్మెట గాల్లోనే ఆగిపోతుంది.

ముందు పిడిలోకి దిగే తోక, తర్వాత మొన, ఆఖరున అంచు. ఇక్కడ కొంచెం దగ్గరికి వంగి చూడండి. అంచు పలచబడేలా కొట్టే ముందు ఆయన అలుగును కావాలనే అంచు వైపుకు వంచుతున్నాడు. పాడుచేస్తున్నాడేమో అనిపిస్తుంది. కానీ కొట్టేకొద్దీ అంచు సాగి, అలుగు వెన్ను వైపుకు తిరుగుతుంది. ముందు వేసిన వంపు ఈ సాగుడుతో సరిపోయి, ఆరేడుసార్లు కాల్చి కొట్టాక కత్తి తిన్నగా వచ్చి నిలుస్తుంది. కొలబద్ద లేదు, గీత లేదు. ఇనుము రేపు ఎటు పోతుందో ఇవాళే తెలిసిన చెయ్యి అది.

ఆకురాయితో రాపిడి సాగుతుండగా మనకు కాస్త తీరిక. ఈ పేట పేరులోనే కొలిమి ఉంది. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్‌ను జనం మూసా రాముడన్నారు. ఆయన పేరు మీదే మూసారాంబాగ్. సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించినవాడాయన. అంతకంటే పాత కథ నిజామాబాద్ జిల్లా కోనసముద్రానిది. అక్కడి మట్టి మూసల్లో కరిగిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. ఇస్ఫహాన్ వర్తకులు దానికోసం ఆ ఊరికే వచ్చేవారు. 1820ల్లో ఆ కొలుములు చూసిన వాయ్సీ అనే ఇంగ్లిషు భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కులో కర్బనం నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు. దక్షిణాదిలో మరికొన్ని చోట్ల మూసలో ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడాకు వేసి మూత పెట్టేవారని పాత రాతలున్నాయి. తంగేడు సంగతి గుర్తుంచుకోండి.

"ఇగ సూడు," అన్నాడు పెద్దాయన. అసలు ఘడియ ఇదే.

కత్తి మళ్లీ నిప్పుల్లోకి వెళ్లింది. టార్పాలిన్ మన నీడ కోసం కట్టింది కాదు. ఎండలో ఇనుము రంగు తెలియదు. నీడలో అయితే దానిమ్మ గింజ ఎరుపు ఏదో, అది దాటిన ఎరుపు ఏదో కన్ను పట్టుకుంటుంది. భార్య చక్రం నెమ్మదించింది. ఎవరూ మాట్లాడటం లేదు. చటుక్కున తీసి, అంచు ముందుగా, వాడేసిన ఇంజన్ ఆయిల్ డబ్బాలో ముంచాడు. బుస్సుమని పొగ, నాలుక్కి తగిలేంత చిక్కటి వాసన. నీళ్లలో ముంచితే ఈ రకం ఉక్కు బీటలు వారవచ్చు, అందుకే నూనె. పైకి తీసి ఆకురాయి ఆనించాడు. ఇందాక కరకరా కోసిన ఆకురాయి ఇప్పుడు గాజు మీద జారినట్టు జారిపోయింది.

అలా వదిలేస్తే కత్తి కిందపడ్డప్పుడు పుటుక్కున విరుగుతుంది. ఇటుకముక్కతో ఒక పక్క తెల్లగా రుద్ది, నిప్పులకు కాస్త ఎత్తున వెన్ను కాగేలా పట్టుకున్నాడు. తెల్లటి ఉక్కు మీద రంగు నడుస్తుంది. వెన్ను దగ్గర మొదలై అంచు వైపుకు ఎండుగడ్డి పసుపు, వెనకాలే గోధుమ, దాని వెనక వంకాయ రంగు. పసుపు అంచును తాకగానే తీసేశాడు. ప్రయోగశాలలో కొలిస్తే అది 220 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈ ఒక్క క్షణం కోసమే నేను ఇంత దూరం వస్తాను, మిమ్మల్నీ తీసుకొచ్చాను.

పిడికి నల్లతుమ్మ చేవ. తోకను ఎర్రగా కాల్చి, ముందే వేసిన బెజ్జంలోకి దింపితే కట్టె తనంతట తాను కాలి చోటిచ్చింది. లక్క పోసి, మొదట్లో ఇత్తడి పొన్ను బిగించాడు. కొమ్ము పిడి కావాలంటే బర్రె కొమ్ముతో చేస్తానన్నాడు. జింక కొమ్ము పిడి అని ఎవరైనా చూపిస్తే మాత్రం కొనకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ వ్యాపారం నేరం.

ఒర మాత్రం, పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గర. నానబెట్టిన బర్రెతోలును కత్తి చుట్టూ మడిచి, వేళ్లతో నొక్కి, మైనం రాసిన దారంతో కుట్టి నీడన ఆరబెడతాడు. ఆరేసరికి తోలు కత్తి ఆకారం పట్టేస్తుంది. క్రోమ్ పెట్టి పదును చేసిన తోలులో మిగిలే ఉప్పులు ఉక్కుకు తుప్పు తెస్తాయి. చెట్టు బెరడుతో పదును చేసిన తోలే ఒరకు మేలు. మన దక్షిణాదిలో తోళ్లకు తరతరాలుగా వాడిన బెరడు తంగేడే. మూసలో ఉక్కుకు కట్టె ఇచ్చిందీ, ఒర తోలుకు బెరడు ఇచ్చిందీ ఒకే చెట్టు. బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పూలను ఇక మీదట నేను పువ్వులుగా మాత్రమే చూడలేను.

"ఎంతన్నా?"

"ఐదు వందలియ్యి."

ముగ్గురి మూడు గంటల పని. అది చాలా తక్కువ ధర అని నా అభిప్రాయం. బేరమాడకండి.

కత్తిని ఒరలోనే వదిలేయకండి. వాడాక తుడిచి, చుక్క నూనె రాసి బయట పెట్టండి. మీ ఇంటి కత్తిపీట మొద్దుబారితే పారేయకుండా దగ్గర్లో కొలిమి ఎక్కడుందో కనుక్కుని, పొద్దున్నే తీసుకెళ్లండి. ఎండ ముదిరితే కొలిమి ఆర్పేస్తారు.