మానసిక చికిత్సలో మీ మాట చెల్లాలంటే ముందే ఏం రాసిపెట్టుకోవాలి?

ఇంట్లోవాళ్లు సంతకం పెడితే ఎవరినైనా ఎర్రగడ్డలో చేర్చేయొచ్చని చాలామంది అనుకుంటారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం అలా కుదరదు. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఇదే చట్టం.

డాక్టర్ చెప్పింది అర్థం చేసుకుని, మాటతోనో సైగతోనో నిర్ణయం చెప్పగలిగితే మీ సమ్మతి తప్పనిసరి. ఆ నిర్ణయం ఇంట్లోవాళ్లకు నచ్చనంత మాత్రాన మీకు ఆలోచించే సామర్థ్యం లేదనడానికి వీల్లేదు.

మీ అంతట మీరే చేరితే, వెళ్తానన్నప్పుడు పంపించాలి. మీకో, ఇతరులకో ప్రమాదం ఉందనిపిస్తే పరీక్ష కోసం 24 గంటలు ఆపవచ్చు, అంతే.

ఒప్పుకోకపోయినా చేర్చాల్సిన పరిస్థితి వస్తే? మీ నామినేటెడ్ రిప్రజెంటేటివ్ దరఖాస్తు చేయాలి. సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. మొదటి విడత గడువు 30 రోజులు. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు ఆసుపత్రి 7 రోజుల్లో తెలపాలి. మహిళలు, మైనర్లయితే 3 రోజుల్లోనే. మీరు బోర్డును ఆశ్రయిస్తే 7 రోజుల్లో తేల్చాలి.

అసలు కీలకం ఆ రిప్రజెంటేటివ్ ఎవరన్నదే. మీరు ఎవరినీ నియమించకపోతే ఆ బాధ్యత సాధారణంగా బంధువుకు వెళ్తుంది. ఇంట్లో ఆస్తి గొడవో, విడాకుల కేసో నడుస్తుంటే ఇదెంత ఇబ్బందో చెప్పక్కర్లేదు. స్నేహితుణ్నైనా నియమించుకోవచ్చు. మేజరై, రాతపూర్వకంగా ఒప్పుకుంటే చాలు. తెల్లకాగితంపై రాసి సంతకమో, వేలిముద్రో వేయాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

దీంతోపాటు ముందస్తు సూచన పత్రం కూడా రాయొచ్చు. ఏ చికిత్స కావాలి, ఏది వద్దు అన్నది అందులో ఉంటుంది. దాన్ని పాటించకూడదనుకునే డాక్టరైనా, బంధువైనా బోర్డుకు వెళ్లాల్సిందే. అయితే కాపీ అందకపోతే పాటించనందుకు డాక్టర్‌ను తప్పుపట్టలేం. అందుకే ఫోన్‌లో ఒక ఫొటో ఉంచుకోండి, రిప్రజెంటేటివ్‌కూ ఒకటి పంపండి. అత్యవసర చికిత్సకు ఈ పత్రం వర్తించదు. ఆ చికిత్స సాధారణంగా 72 గంటలకు మించకూడదు, అందులో కరెంట్ షాక్ ఇవ్వకూడదు. మత్తు ఇవ్వకుండా షాక్ ఇవ్వడం ఎప్పుడైనా నిషిద్ధమే.

బోర్డుకు వెళ్లడానికి న్యాయ సహాయం ఉచితం: 15100కు ఫోన్ చేయండి. మానసిక సమస్యపై మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416.