కొడుక్కి చెప్పే జాగ్రత్తలు

పోలీసు ఆపితే ఎలా మసలుకోవాలో అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రులు కొడుకులకు ముందే చెప్పిపెడతారు. 2015లో వచ్చిన ఐదు నిమిషాల డాక్యుమెంటరీ 'ఎ కన్వర్జేషన్ విత్ మై బ్లాక్ సన్' దీని గురించే. చూస్తుంటే నాకు భద్రాచలం అడవి గుర్తొచ్చింది.

2005లో సల్వా జుడుం మొదలయ్యాక దంతెవాడ వైపు నుంచి వేలమంది ఆదివాసులు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయి వచ్చారు. మనం గుత్తికోయలంటున్నది వాళ్లనే. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ఎస్పీఓలుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తేల్చింది. అయినా వచ్చినవాళ్ల బతుకు తేలలేదు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు షెడ్యూల్డ్ తెగ, ఇక్కడ వలసదారులు. పోలీసులకు అనుమానితులు, ఫారెస్టోళ్లకు ఆక్రమణదారులు. అక్కడ చర్మం రంగు చేసే పని ఇక్కడ భాష, లేని కాగితం చేస్తాయి.

గుత్తికోయ తల్లి కూడా కొడుక్కి ఏవో జాగ్రత్తలు చెప్తూనే ఉంటుంది. వినడానికి నాకు ఆ భాషే రాదు.