మంత్రసాని నుంచి ఆశా దాకా

మంత్రసానిని ఎవరూ నోటిఫికేషన్ వేసి తీసుకోలేదు. అత్త చేతి కింద కోడలు పని నేర్చుకునేది. చాలా ఊళ్లలో మంగలి ఇళ్ల ఆడవాళ్లే పురుళ్లు పోసేవారు. అందుకు ఒక చీర, తవ్వెడు బియ్యం, కాస్త నూనె. కలిగిన ఇళ్లలో పంట ఇంటికొచ్చినప్పుడు నాలుగు గింజలు. బొడ్డు కోసిన కొడవలి వల్ల ధనుర్వాతం సోకి పోయిన పసిబిడ్డలకు లెక్కే లేదు కాబట్టి ఆ రోజుల్ని మెచ్చుకోనక్కర్లేదు. కానీ ఆమె ఊరు వదిలి పోయేది కాదు. ఇష్టపడి ఉండిపోయిందనీ చెప్పలేం, కులం కట్టిపడేసింది. ఆ కట్టు తెగాక, వైద్యం తెలిసిన మనిషి పల్లెలో నిలబడాలంటే ఏం ఇవ్వాలన్న ప్రశ్న మన ముందుకొచ్చింది. నూట యాభై ఏళ్లుగా దానికి తిన్నగా జవాబు చెప్పకుండా తప్పించుకుంటూనే ఉన్నాం.

1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ మొదలైంది. తెలుగు జిల్లాల్లో ఆ పని ఎక్కువగా మిషన్ ఆసుపత్రులే చేశాయి. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ డాక్టరు అన్నా శారా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. గుంటూరు వాళ్లకు అది నేటికీ కుగ్లర్ ఆసుపత్రే. డాక్టరమ్మ వచ్చింది, కట్టడం లేచింది. రోగి పక్కన నిలబడి పుండు కడిగే చెయ్యి ఎక్కడి నుంచి రావాలి? రాత్రి డ్యూటీ, పరాయి ఒళ్లు ముట్టుకోవడం, మలమూత్రాలెత్తడం అనగానే పెద్ద కులాల ఇళ్లు తలుపులు వేసుకున్నాయి. వచ్చింది క్రైస్తవ కుటుంబాల పిల్లలు, అనాథలు, వితంతువులు. మద్రాసు ప్రెసిడెన్సీ 1926లో నర్సులు, మంత్రసానుల కోసం చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ పెట్టింది. దాంతో చదువుకు ముద్ర పడింది గానీ బతుక్కి మర్యాద రాలేదు.

దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక దేశం పరిస్థితిని అంకెల్లో చెప్పింది. 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. అందరూ గుర్తుపెట్టుకున్నది ఈ కొరతనే. నర్సుల బసలు, జీతాలు, పనిగంటలు ఎంత అధ్వానంగా ఉన్నాయో కూడా అదే నివేదిక చెప్పింది, దాన్ని మాత్రం మరిచిపోయారు. తర్వాతి ప్రణాళికలన్నీ ఎంతమందిని తయారుచేయాలన్న లెక్కతోనే నడిచాయి.

ఈ కథలో మనసారా మెచ్చుకోదగ్గ ఘట్టం దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆవిడ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. నర్సు శిక్షణకు, గ్రామసేవిక పనికి మనుషులు కావాలి; చేరడానికి చదువు అడ్డం. మరోపక్క బాల్యవివాహాలతో, వైధవ్యంతో బడి మానేసిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ రెండు అవసరాలనూ కలిపి 1958లో బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. మధ్యలో ఆగిపోయిన చదువును తక్కువ కాలంలో పూర్తిచేయించి శిక్షణకు అర్హత కల్పించడం వాటి పని. ఉద్యోగం కోసం మనిషిని వెతకడం వేరు, ఉన్న మనిషిని ఉద్యోగానికి తగ్గట్టు తీర్చుకోవడం వేరు. రెండో దారి పట్టినవాళ్లు మన చరిత్రలో చాలా తక్కువ.

ఇక ఏఎన్‌ఎం (ఆక్సిలరీ నర్సు మిడ్‌వైఫ్) సంగతి. 1950ల్లో ఆమెను తెచ్చింది తల్లీబిడ్డల కోసం, ముఖ్యంగా కాన్పుల కోసం. 1960ల్లో కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఆమె నెత్తిన పడ్డాయి. ఆపరేషన్ కేసులు తెస్తేనే పని చేసినట్టు. ఎమర్జెన్సీలో లక్ష్యం చేరలేదని జీతాలు ఆపిన సందర్భాలూ ఉన్నాయి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మలేరియా, మశూచి, కుటుంబ నియంత్రణ సిబ్బందిని వేర్వేరుగా ఉంచకుండా బహుళార్థ కార్యకర్తలుగా మార్చమంది. కాగితం మీద తెలివైన ఆలోచనే. అమలులో ఏఎన్‌ఎం శిక్షణ 1977లో రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకు తగ్గింది, ఆమె భుజాన పనులేమో పెరిగాయి. సబ్‌సెంటర్‌లో 5,000 మందికి ఒక మనిషి, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి. ఉండటానికి క్వార్టర్స్ ఉండవు, ఉన్నా తలుపులుండవు. పిల్లల చదువు కోసం ఆమె మండల కేంద్రంలో కాపురం పెడితే ‘హెడ్‌క్వార్టర్స్‌లో ఉండటం లేదు’ అని మెమో. లక్ష్యాల పద్ధతి 1996లో పోయిందన్నారు. రిజిస్టర్లు మాత్రం పోలేదు, ఇప్పుడవి ట్యాబుల్లోకి ఎక్కాయి.

1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం మొదలుపెట్టిన ఆరోగ్య కార్యకర్తల పథకాన్ని ఇప్పుడెవరూ తలుచుకోరు. ఊరే మనిషిని ఎంచుకుంటుంది, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయలు. ఊరు ఎంచుకోవడమంటే ఆచరణలో చాలాచోట్ల ఊరి పెద్ద ఎంచుకోవడమే. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, బాలింతతో మాట్లాడవలసిన పనికి! 50 రూపాయలకు పని చేసినవాళ్లు జీతం అడిగేసరికి సంఘాలు, కోర్టు కేసులు మొదలయ్యాయి. పథకం పేరు రెండుసార్లు మారి, క్రమంగా చచ్చిపోయింది.

అదే కాలంలో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో డాక్టర్ ఆరోలే దంపతులు చదువురాని పల్లె ఆడవాళ్లతో 1970 నుంచి ఇదే పని చేయించి చూపించారు. మన సరిహద్దు అవతల గడ్చిరోలిలో డాక్టర్ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. అక్కడ నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. ఆ రెండు చోట్లా శిక్షణ ఒక విడతతో అయిపోలేదు. నేర్పినవాళ్లు ఏళ్ల తరబడి వెంట ఉన్నారు, తప్పు జరిగితే కూర్చుని మాట్లాడారు. ప్రభుత్వాలు అక్కడి నుంచి తెచ్చుకున్నది మాత్రం ‘తక్కువ చదువున్న ఆడమనిషితో తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది’ అన్న ఒక్క ముక్క.

దాని ఫలమే ఊరి ఆరోగ్య కార్యకర్త ఆశా. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వెయ్యిమందికి ఒక ఆశాను పెట్టింది. జీతం లేదు, పనిని బట్టి పారితోషికం. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1975లో వచ్చిన అంగన్‌వాడీ టీచరుకూ గౌరవ వేతనమే. టీచర్లూ ఆయాలూ సివిల్ పోస్టుల్లో ఉన్నవాళ్లు కారని సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. గ్రాట్యుటీకి అర్హులేనని 2022లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆశాల వేతనాన్ని 3,000 నుంచి 10,000కు పెంచింది. ఆ రాష్ట్రంలోనే 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు నిలబడ్డారు, మధ్యలో వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మా ప్రయోగించారు. తెలంగాణ ఆశాలు 18,000 స్థిర వేతనం అడుగుతూ హైదరాబాదుకు వస్తూనే ఉన్నారు. కోవిడ్‌లో ఇల్లిల్లూ తిరిగిన ఆశాలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు వచ్చింది, సన్మానాలు జరిగాయి. శాలువా కప్పడానికి బడ్జెట్ అక్కర్లేదు.

నర్సుల కథ ఊరు దాటి సాగింది. ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. అప్పు చేసి చదివిన పిల్లకు కార్పొరేట్ ఆసుపత్రి ఇచ్చే జీతం వడ్డీకి సరిపోదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ, ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా 20,000కు తగ్గకూడదనీ సిఫారసు చేసింది. అది చాలామటుకు సిఫారసుగానే మిగిలిపోయింది. అలాంటప్పుడు గల్ఫ్‌కు పోయినవాళ్లను ఏమనగలం? ఏజెంట్ల దోపిడీ ముదిరాక 2015లో కేంద్రం గల్ఫ్ తదితర దేశాలకు నర్సుల నియామకాలను ప్రభుత్వ సంస్థల ద్వారానే జరపాలంది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు జర్మన్ భాష నేర్పించి జర్మనీకి పంపుతోంది. తప్పు పట్టను. జర్మనీ భాష నేర్చుకోమంటుంది, నేర్చుకున్నవాళ్లకు రాతపూర్వక ఒప్పందం, తెలిసిన జీతం చూపిస్తుంది. మన జిల్లా ఆసుపత్రి కాంట్రాక్టు నర్సుకు వచ్చే ఏడాది తాను ఉంటుందో లేదో తెలియదు.

2018 తర్వాత వెల్‌నెస్ సెంటర్లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా (సీహెచ్‌ఓ) పెడుతున్నారు. పని మంచిది, పిల్లలు చురుకైనవాళ్లు. నియామకం మళ్లీ కాంట్రాక్టే. ఏఎన్‌ఎంకు తోడుగా రెండో ఏఎన్‌ఎం, ఆమెకు సాయంగా ఆశా, వాళ్లందరి మీదా సీహెచ్‌ఓ: కొరత వచ్చిన ప్రతిసారీ ఉన్నవాళ్ల పరిస్థితి సరిదిద్దకుండా ఇంకో కొత్త కేడర్‌ను తెచ్చాం.

ఆంధ్రప్రదేశ్ 2025లో ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ప్రకటించింది. తల్లుల కాన్పుల కోసం పెట్టుకున్న మనిషికి తన కాన్పుకు జీతంతో సెలవు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఏ ప్రభుత్వమైనా ఇకముందు ఎన్ని వేల పోస్టులకు నోటిఫికేషన్ వేస్తున్నామో ప్రకటించేటప్పుడు, ఐదేళ్ల కిందట చేరినవాళ్లలో ఎంతమంది మిగిలారో, వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారో కూడా శాసనసభ ముందు పెట్టాలి. ఎమ్మెల్యేలు ఆ లెక్క అడగాలి. వాళ్లు అడగకపోతే ఓటు వేసిన మనం అడగాలి.