ఆనాటి వార్త – నేటి జ్ఞాపకము

1948 సెప్టెంబరు 17వ తేది, శుక్రవారము. అయిదు దినములుగా భారత సేనలు హైదరాబాదు రాజ్యమున ముందునకు సాగుచుండగా, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పోరు విరమించినట్లు రేడియోలో ప్రకటించెను. ఆయన నివాసమగు కింగుకోఠికి సమీపముననే ఆబిడ్సు. అటుపైన నాంపల్లి స్టేషను. ఇంటింట రేడియో లేని కాలమది. వార్త నోటినుండి నోటికి ప్రాకవలసినదే.

తలవని తలంపుగా విన్న వార్త మనసున గాఢముగా నాటుకొనును. విన్న చోటు, చెప్పిన మనిషి, అప్పటి వీధి పటము కట్టినట్లు నిలుచును. కాని ఒకే వార్త కొందరికి పండుగ, కొందరికి భయము. రజాకారులకు వెరచి తలుపులు మూసికొన్నవాడు తెరచిన వాకిలిని తలచుకొనును. రేపు తన గతి యేమగునోయని కలతపడిన ముస్లిము గృహస్థు గడియవేసిన వాకిలిని తలచుకొనును. ఇరువురిలో ఎవ్వరును కల్లలాడువారు కారు.

అయినను గట్టిగా నిలిచిన జ్ఞాపకమెల్ల సరియైనది కాదు. 17న రేడియో ప్రకటన. 18న నిజాము సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగుట. ఏండ్లు గడచినకొలది ఈ రెండును ఒకే దినముగా కలిసిపోవచ్చును. 1986లో అమెరికా వ్యోమనౌక ఛాలెంజరు ప్రేలిన మరునాడు, ఆ వార్త విన్న తీరును అచటి విద్యార్థులచే వ్రాయించిరి. రెండేండ్లు దాటిన పిమ్మట మరల అడుగగా, 44 మందిలో 11 మంది మాట మొదటి వ్రాతతో బొత్తిగా పొసగలేదు. పలువురి నమ్మకము మాత్రము చెక్కుచెదరలేదు.

కరణము చిట్టా నాటిదినాడే వ్రాయును. ఆవర్జా పిమ్మట కూర్చును. జ్ఞాపకము ఆవర్జా వంటిది. చిట్టాతో సరిచూడనిదే చెల్లదు. ఆనాటి పదేండ్ల బాలురు నేడు తొంబదికి చేరువైనారు. ఇరుప్రక్కల పెద్దల మాటలను ఇప్పుడే వ్రాసికొని, ఆనాటి పత్రికల ప్రక్కన భద్రపరచుట గ్రంథాలయముల విధి.