కిందికి దించిన పాత కారు, వెనక సీటు కుదుపు

యూరియా, వడ్ల కాంటాల సంగతి ఈసారి పక్కన పెడుతున్నా. అమెరికా పాత కార్ల ముచ్చట రాస్తున్నా. "మనకెందుకన్నా అది" అనుకోకండి. కారును కిందికి దించితే వెనక సీటు ఎందుకు కుదిపేస్తుంది, ఆ కుదుపు తగ్గించడానికి ఎవరెవరు ఏమేం చేశారు అనేదే ఇందులో విషయం. చేసినవాళ్లలో చాలామంది కూలీనాలీ చేసుకునే ఇండ్ల పిల్లలే. పైగా ఆ కార్ల లెక్కా, మన ట్రాక్టర్ డబ్బా కింద కమాన్ పట్టీల లెక్కా ఒక్కటే.

మొదట్లో కారు ఎత్తుగా ఉంటేనే గొప్ప. 1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ అనే కారు తెచ్చింది. అమెరికా పల్లెల్లో రైతులు దాన్ని బాగా కొన్నారు. అప్పటి బాటలు మన వానాకాలం పొలం బాటల్లాంటివే, బురద, బండి గాడులు. ఆ గాడుల మీద ఆనకుండా పోవాలంటే కారు ఎత్తుగా ఉండాల్సిందే. కొందరు రైతులు వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసే రంపం కూడా తిప్పుకున్నారు. మన ఆయిల్ ఇంజన్ వాడకంలాగే. ఆ కారుకు ముందు ఒకటి, వెనక ఒకటి, అడ్డంగా వేసిన కమాను కట్టలు ఉండేవి. ఫోర్డ్ వాళ్లు తమ కార్లకు 1948 దాకా ఆ అడ్డకమానునే పట్టుకుని ఉన్నారు. 1949 మోడల్‌కు గానీ వెనక రెండు పక్కలా నిలువు కమాన్లు రాలేదు.

రోడ్లు బాగుపడ్డాక ఆ ఎత్తుతో పని తగ్గింది. కాలిఫోర్నియాలో కుర్రాళ్లు ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసుకుంటూ, గాలికి తగలకుండా, బోల్తా పడకుండా ఉండాలని పాత ఫోర్డ్‌లను కిందికి దించారు. అది వేగం కోసం.

యుద్ధం అయిపోయాక లాస్ ఏంజిలిస్ తూర్పు వైపు ఇంకో రకం మొదలైంది. అక్కడ మెక్సికో మూలాలున్న కుటుంబాలు ఎక్కువ. తోటల్లో, కూరగాయల పొలాల్లో, రైలు పట్టాల మీద, ఫ్యాక్టరీల్లో పని చేసిన ఇండ్లు. కొత్త కారు కొనలేరు. పాత షెవర్లే కొని, కడిగి, రంగులు వేసి, నేలకు ఆనేంత కిందికి దించి, ఆదివారం సాయంత్రం విట్టియర్ బులెవార్డ్ అనే రోడ్డు మీద ఇంటిల్లిపాదీ మెల్లగా తిరిగేవాళ్లు. ఎంత మెల్లగా పోతే అంత గొప్ప. ఈ కార్లకే లోరైడర్లు అని పేరు. వెనక సీట్లో అమ్మలు, పిల్లలు కూర్చుంటారు కాబట్టి వెనక ఇరుసు కుదుపు ఆ కుటుంబాలకు పెద్ద విషయం.

ముందుగా వాళ్లు పట్టిన ఉపాయం ఇసుక బస్తాలు. డిక్కీలో బస్తాలో, ఇటుకలో వేస్తే వెనక భాగం దిగిపోతుంది. స్ప్రింగు ముట్టుకోలేదు కాబట్టి ఖర్చు లేదు. ఇంకో గమ్మత్తు ఏంటంటే బస్తాలు వేసిన కారు మామూలు కారుకంటే మెత్తగా ఊగుతుంది. నిండు డబ్బా మెత్తగా పోతుంది, ఖాళీ డబ్బా ఎగిరెగిరి పడుతుంది, ఇది మీకు ఒకరు చెప్పే పని లేదు. అదే స్ప్రింగు మీద బరువు పెరిగితే ఊపు నిదానమవుతుంది. అయితే గుంత వచ్చిందా, ఇరుసు పైకి లేవడానికి చోటు లేదు. అప్పటికే సగం చోటు బస్తాలు తినేశాయి. ఇరుసు పోయి ఛాసిస్ కింది రబ్బరు దిమ్మకు ఠక్కున గుద్దుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా నడుముకే. బ్రేకు, టైర్ల మీద పడే భారం వేరే.

రెండోది స్ప్రింగు కోయడం. చుట్టు స్ప్రింగుకు ఒక చుట్టు కోస్తే కారు దిగుతుంది. పని చేసే చుట్లు పది ఉన్నాయనుకోండి, ఒకటి కోస్తే మిగిలిన స్ప్రింగు నూటికి పదకొండు పాళ్లు గట్టిపడుతుంది. కోసిన కొద్దీ చోటూ తగ్గుతుంది, మెత్తదనమూ తగ్గుతుంది. కొందరు కోయకుండా గ్యాస్ మంటతో స్ప్రింగును ఎర్రగా కాల్చి కుంగబెట్టేవాళ్లు. అన్నింట్లోకీ చెడ్డ పని అది. కొలిమి పని తెలిసినవాళ్లను అడగండి, ఉక్కుకు పట్టిన పదును మంటతో పోతుంది. ఒకరోజు బాగుంటుంది, తర్వాత కూలబడిపోతుంది, లేదంటే విరుగుతుంది.

కమాన్ పట్టీలున్న పాత కార్లకు మూడో దారి ఉంది, ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం. ఇక్కడ మనవాళ్లు తికమక పడతారు. మన లారీల్లో కమాను ఇరుసు పైన ఉంటుంది, మధ్యలో దిమ్మ పెడితే బండి లేస్తుంది. ఆ కార్లలో చాలావాటికి కమాను ఇరుసు కింద వేలాడుతుంది, దిమ్మ పెడితే కారు దిగుతుంది. కమాను మెత్తదనం ఎక్కడికీ పోదు. అందుకే కోయడం కంటే ఇది మంచి పద్ధతి అని నా లెక్క. హద్దు మీరితే మాత్రం దిమ్మ ఎత్తుకు ఇరుసుకు పట్టు ఎక్కువై, బ్రేకు వేసినప్పుడు, ఒక్కసారిగా లాగినప్పుడు కమాన్లు మెలి తిరుగుతాయి.

దిమ్మ పెట్టినా, స్ప్రింగు కోసినా చోటు సమస్య అలాగే ఉంది. దానికి నిజమైన మందు కనిపెట్టింది వెల్డింగ్ పని తెలిసినవాళ్లు. ఇరుసుకు సరిగ్గా పైన ఛాసిస్ బద్దను విల్లు ఆకారంలో కోసి, లోపల మందం రేకుతో గట్టి వెల్డింగ్ చేశారు. కారు కిందనే ఉంటుంది, ఇరుసుకు మాత్రం పైకి లేచే చోటు తిరిగి వచ్చింది. షాకబ్సర్ పైకొక్కాన్ని కూడా జరపాలి, లేదా పొట్టి షాకబ్సర్ వేయాలి. లేదంటే ముందు షాకబ్సరే అడుగు తగులుతుంది, కొత్తగా వచ్చిన చోటు వృథా. మెత్తని స్ప్రింగు కోసం వెతుకుతూ వందలు ఖర్చు పెట్టినవాళ్లకంటే, కాస్త చోటు సంపాదించినవాళ్లే సుఖంగా తిరిగారు.

ఇంతలో చట్టం వచ్చింది. 1958 నుంచి కాలిఫోర్నియాలో ఒక రూలు. మార్పులు చేసిన కారులో చక్రాలు తప్ప ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు అంచు కంటే కిందికి ఉండకూడదు. పేరుకు అందరికీ, పోలీసులు ఎక్కువగా ఆపింది మాత్రం ఆ మెక్సికన్ కుర్రాళ్లనే. ఈ చలాన్ల బాధకు రాన్ అగ్విర్రే అనే ఆయన 1959 ప్రాంతంలో తన 1957 కార్వెట్‌కు విమానాల మిగులు సామానులోని హైడ్రాలిక్ పంపులు బిగించాడు. బటన్ నొక్కితే కారు చట్టం చెప్పిన ఎత్తుకు లేస్తుంది, పోలీసు పోయాక మళ్లీ దిగుతుంది. తర్వాతివాళ్లు సామాన్లు ఎక్కించే లారీల వెనక తలుపు లేపే పంపులతో అదే పని చేశారు. 1958 నుంచి 1964 దాకా వచ్చిన షెవర్లే ఇంపాలా కార్లకు నాలుగు మూలలా చుట్టు స్ప్రింగులే, సిలిండర్ అక్కడ సులువుగా కూర్చుంటుంది. లోరైడర్ అంటే ఇంపాలా గుర్తుకు రావడానికి అదొక కారణం.

హైడ్రాలిక్‌తో ఎత్తు సమస్య తీరింది కానీ కుదుపు తీరలేదు, పెరిగింది. ఎందుకో ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. రోటవేటర్ లేపుకుని తారు రోడ్డు మీద పోతుంటే గతుకు గతుకుకూ వెనక నుంచి దబదబ కొడుతుంది. లిఫ్ట్‌లోని ఆయిల్ నలగదు, నొక్కుకోదు. ఇనుప కడ్డీ పెట్టినట్టే. అలాంటి ఆయిల్ సిలిండర్ మీద కారు ఆనితే, కింద మిగిలిన పొట్టి స్ప్రింగు ఎంత మెత్తగా ఉంటే అంతే సుఖం.

ఇక్కడ ఫ్రాన్స్ సంగతి చెప్పాలి. సిట్రోయెన్ కంపెనీ 1954లో తన 15 సిక్స్ కారుకు వెనక ఇరుసుకు మాత్రమే ఒక కొత్త పద్ధతి పెట్టి చూసింది, 1955లో డీఎస్ కారుకు నాలుగు చక్రాలకూ పెట్టింది. పాల్ మజెస్ అనే ఆయన తయారు చేసిన పద్ధతి. ఆయిల్ పోయి ఒక ఇనుప గుండులోకి ఒత్తుతుంది, గుండులో రబ్బరు పొర అవతల నైట్రోజన్ గ్యాస్. ఆయిల్ నలగకపోయినా గ్యాస్ నలుగుతుంది, అదే స్ప్రింగు. కారులో ఎంతమంది ఎక్కినా ఎత్తు మారదు. లోరైడర్ల హైడ్రాలిక్‌కు కూడా తర్వాత ఇలాంటి నైట్రోజన్ గుండ్లే బిగించారు, అప్పుడుగానీ వెనక సీటుకు సుఖం రాలేదు. మీకు తెలిసిన ఉదాహరణ చెప్తా. భుజానికేసుకునే మందు పంపులో ఒక గాలి గది ఉంటుంది. మీ చెయ్యి కిందికీ పైకీ ఆగి ఆగి ఆడినా, నాజిల్ నుంచి మందు ఆగకుండా వస్తుంది. లోపలి గాలి ఆ దెబ్బలను మింగుతుంది.

గాలి బుడ్డల సంగతి టూకీగా. ఆయిల్ లేకుండా నేరుగా గాలి నింపిన రబ్బరు బుడ్డ మీదే ఇరుసును ఆనించడం. అమెరికా గ్రేహౌండ్ బస్సులకు 1954లోనే ఉంది, మన దగ్గర ఆర్టీసీ గరుడ బస్సు ఎక్కినవాళ్లకు ఆ సుఖం తెలుసు. ఇప్పుడు పాత కార్లు దించేవాళ్లలో చాలామంది ఈ దారే పడుతున్నారు.

ఆ 1958 చట్టాన్ని కాలిఫోర్నియా 2023లో ఎత్తేసింది, 2024 జనవరి 1 నుంచి అమలు. 66 ఏండ్లు పట్టింది.

ఇక మన డబ్బా. వాళ్లు కిందికి దించి కుదుపు తెచ్చుకున్నారు, మనం పట్టీలు కలిపి తెచ్చుకుంటున్నాం. ఇసుకకు, వడ్లకు ఆగాలని ఐదు పట్టీలకు అదే మందంలో ఆరోది కలిపితే కమాను సుమారు ఐదో వంతు గట్టిపడుతుంది. బరువున్నప్పుడు బాగానే ఉంటుంది. పొద్దున అదే బండిలో నాట్లకో, పత్తి ఏరడానికో ఆడవాళ్లను తీసుకుపోతాం. మనుషులను ఎక్కించొద్దని చట్టం ఉన్నా ఎక్కిస్తున్నాం. పది పదిహేను మంది బరువు ఆ కమానుకు లెక్కే కాదు, ఖాళీ డబ్బాతో సమానం. ప్రతి గుంతకూ వాళ్లు ఎగిరి పడతారు.

లారీల వెనక పెద్ద కమాను పైన ఇంకో చిన్న కట్ట చూసే ఉంటారు. ఖాళీగా ఉన్నప్పుడు అది దేనికీ తగలదు, బరువు పడి కుంగినప్పుడే ఆనుతుంది. పట్టీ కలపాలనుకునేవాళ్లు మెకానిక్‌ను అలాంటిది వేయమని అడగండి. పట్టీల మధ్య తుప్పు గీకించి గ్రీజు పెట్టించండి, తుప్పు పట్టిన పట్టీలు జారవు, జారకపోతే అన్నీ కలిసి ఒకే మొద్దులా పనిచేస్తాయి. మీ డబ్బాకు ఎన్ని పట్టీలున్నాయో, ఖాళీగా పోయేటప్పుడు ఎట్లా ఉంటుందో కింద రాయండి.